కారు ఇంజిన్ లెక్కలు ఫోన్‌లో: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే వస్తువు గురించి. స్టీరింగ్ కింద ఉండే సాకెట్‌లో అగ్గిపెట్టెంత అడాప్టర్ పెట్టి, ఇంజిన్ లోపలి అంకెల్ని ఫోన్ యాప్‌లో చూసుకోవడం. ఒకే రకం ప్రశ్నల్ని కలిపేసి జవాబిస్తున్నాం.

కింద వచ్చే జవాబులు చాలావాటికి ఆధారమైన మాట ఒకటి ముందే చెబుతాం. యాప్‌లో ఏ అంకెకైనా అర్థం తెలిసేది, మీ కారు బాగున్నప్పుడు అది ఎంత ఉండేదో మీ దగ్గర రాసి ఉంటేనే. అందుకే అడాప్టర్ కొన్న మొదటిరోజే, బండికి ఏ ఇబ్బందీ లేనప్పుడే, ఇంజిన్ బాగా వేడెక్కాక ఐడిల్‌లో, అంటే ఆక్సిలరేటర్ తొక్కకుండా నిలిపి ఉంచి, ఈ అంకెలు రాసిపెట్టుకోండి: కూలంట్ (ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం) టెంపరేచర్, ఆర్‌పీఎం (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు), షార్ట్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్, లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్ (ఈ రెండిటి అర్థం కింద చెబుతాం), వోల్టేజి. ఏసీ ఆపి ఒకసారి, వేసి ఒకసారి. స్క్రీన్‌షాట్ తీసుకున్నా చాలు.

ప్రశ్న: మాది 2014లో కొన్న పెట్రోల్ కారు. అందులో ఈ సౌకర్యం ఉంటుందా? అడాప్టర్లు నాలుగు వందల నుంచి వేలల్లో ఉన్నాయి, ఏది తీసుకోవాలి?
(ఒక పాఠకుడు, కూకట్‌పల్లి)

జవాబు: ఉంటుంది. 2010 ఏప్రిల్‌లో బీఎస్ 4 కాలుష్య నిబంధనలు ముందుగా అమల్లోకి వచ్చిన 13 నగరాల్లో హైదరాబాద్ ఒకటి. దాంతోపాటే ఓబీడీ, అంటే ఈ సాకెట్ ద్వారా ఇంజిన్ సంగతులు చదివే ఏర్పాటు, మొదటి దశ వచ్చింది, 2013 ఏప్రిల్ నుంచి రెండో దశ. మీది ఆ తర్వాతి బండి కాబట్టి సందేహం అక్కర్లేదు. 2010కి ముందు కార్లలోనూ కొన్నిటికి సాకెట్ కనబడుతుంది గానీ, లోపల కంపెనీ సొంత భాష నడుస్తుంటే మామూలు యాప్ దాన్ని చదవలేదు.

సాకెట్ సాధారణంగా స్టీరింగ్ కింద, ఫ్యూజ్ బాక్స్ పక్కనో బానెట్ లీవర్ దగ్గరో ఉంటుంది. రెండు వరసల్లో 16 గుంటలు, ఒక వైపు వెడల్పు, ఇంకో వైపు సన్నం. కొనే ముందు టార్చి వేసి అందులోకి ఒకసారి చూడండి. వెడల్పు వైపు పైకి పెట్టి చూస్తే పై వరసలో ఎడమ నుంచి 1 నుంచి 8, కింది వరసలో 9 నుంచి 16. అన్ని గుంటల్లోనూ ఇత్తడి రేకు ఉండదు. 6, 14 గుంటల్లో రేకు ఉంటే మీ కారు క్యాన్ అనే పద్ధతిలో అడాప్టర్‌తో మాట్లాడుతుంది, దాదాపు ఏ అడాప్టరైనా పనిచేస్తుంది. ఆ రెండూ ఖాళీగా ఉండి 7లో మాత్రమే ఉంటే అది కె-లైన్ అనే పాత, నెమ్మది పద్ధతి. చౌక అడాప్టర్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే.

అడాప్టర్ల మీద రాసి ఉండే ఈఎల్ఎం327 అనేది కెనడాకు చెందిన ఎల్మ్ ఎలక్ట్రానిక్స్ వాళ్ల చిప్ పేరు. దాని తొలి వెర్షన్ ప్రోగ్రామ్‌కి కాపీ రక్షణ లేకపోవడంతో లోకమంతా నకళ్లు వచ్చాయి. ఆ సంస్థ 2022లో మూతపడింది కూడా. 1.5 అనే వెర్షన్‌ని వాళ్లు ఎప్పుడూ విడుదల చేయలేదు, అయినా బజారు నిండా 1.5లే. విచిత్రమేమిటంటే ఆ నకళ్లలోనే కొన్ని చక్కగా పనిచేస్తాయి. 2.1 అని స్టిక్కర్ ఉన్న చౌకవాటిలో చాలావరకు ఆదేశాలు సగం ఎగిరిపోయి ఉంటాయి. పెద్ద నెంబరు చూసి మోసపోకండి.

మా సలహా ఇది. ఊరికే చూద్దామనుకుంటే, కారు క్యాన్ అయితే, వాపసు ఇచ్చే వీలున్న చోట చౌకది కొనండి. రోజూ వాడేవాళ్లు వీగేట్, వీపీక్, ఓబీడీలింక్ లాంటి పేరున్నవాటిలో, కారు ఆపగానే తనంతట తను నిద్రపోయే రకం తీసుకోండి. ఆ నిద్ర ఎందుకు ముఖ్యమో బ్యాటరీ ప్రశ్న దగ్గర చెబుతాం. రాణీగంజ్‌లోనో కోఠి గుజరాతీ గల్లీలోనో కొంటే డబ్బులు ఇచ్చే ముందే మీ కారుకే పెట్టి, ఆర్‌పీఎం కదులుతోందో లేదో చూపించమని అడగండి.

ప్రశ్న: నా ఐఫోన్‌లో అడాప్టర్ పేరే కనబడటం లేదు. మా తమ్ముడి ఆండ్రాయిడ్‌కి వెంటనే కలిసింది.
(ఒక పాఠకురాలు, మల్కాజిగిరి)

జవాబు: మీ దగ్గరున్నది పాతరకం బ్లూటూత్ అడాప్టర్. దాన్ని ఐఫోన్ దగ్గరికి రానివ్వదు. ఐఫోన్‌కి బ్లూటూత్ లో ఎనర్జీ, అంటే 4.0 రకం గానీ, వైఫై రకం గానీ కావాలి. 4.0 రకాన్ని ఫోన్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి జత చేయకండి, యాప్ లోపలి నుంచే కలపాలి. వైఫై రకం అయితే యాప్‌లో అడ్రస్ 192.168.0.10, పోర్ట్ 35000 అని ఇవ్వాలి, చాలావాటికి అదే. కానీ ఫోన్ ఆ వైఫైకి తగులుకున్నంతసేపూ మ్యాప్స్‌కి నెట్ అందక ఇబ్బంది వస్తుంది. అందుకని 4.0 రకమే మేలు.

ప్రశ్న: బ్లూటూత్ కలుస్తుంది, యాప్ మాత్రం కారుతో కనెక్ట్ కాలేకపోతున్నానంటుంది. అడాప్టర్ లైటు వెలుగుతూనే ఉంది.
(ఇద్దరు పాఠకులు, ఉప్పల్, టోలీచౌకి)

జవాబు: ఫోన్‌కి అడాప్టర్ కలవడం ఒకటి, అడాప్టర్ కారుతో మాట్లాడటం ఇంకొకటి. మీకు మొదటిది అయింది, రెండోది ఆగింది.

ముందు తాళం చూడండి. పాటలు వినే స్థానంలో కాదు, డాష్‌బోర్డులో చెక్ ఇంజిన్ లైటు వెలిగే స్థానం దాకా తిప్పాలి. బటన్ స్టార్ట్ కార్లలో బ్రేకు తొక్కకుండా రెండుసార్లు నొక్కితే చాలావాటిలో అక్కడికి వస్తుంది. తర్వాత యాప్ సెట్టింగ్స్‌లో అడాప్టర్ పేరు మళ్లీ ఎంచుకున్నారా లేదా చూడండి. ఫోన్‌లో 1234 లేదా 0000 కొట్టి జత చేయడంతోనే పని అయిపోయిందనుకుని చాలామంది ఇక్కడే ఆగిపోతారు. ఆండ్రాయిడ్ 11, అంతకు ముందు ఫోన్లలో లొకేషన్ అనుమతి, 12 నుంచి నియర్‌బై డివైసెస్ అనుమతి ఇవ్వాలి. ఒకేసారి రెండు యాప్‌లు తెరవకూడదు. టార్క్ అనే యాప్ వెనకాల నడుస్తూ అడాప్టర్‌ని పట్టుకుని ఉంటే కార్ స్కానర్ అనే యాప్‌కి దారి దొరకదు.

ఇవన్నీ సరిగానే ఉంటే ప్రోటోకాల్, అంటే కారు మాట్లాడే పద్ధతి, సంగతి. ఆటో మీద ఉంచి మొదటిసారి అర నిమిషం దాకా ఓపిక పట్టండి. అప్పటికీ కాకపోతే మీరే ఎంచుకోండి: 6, 14 గుంటల్లో రేకులుంటే ఐఎస్ఓ 15765-4, 11 బిట్, 500 కె. 7 ఒక్కటే ఉంటే ఐఎస్ఓ 14230. కె-లైన్ కారులో ఇదీ విఫలమైతే అడాప్టరే సరుకు కాదు, మార్చేయండి.

లైటే వెలగకపోతే కథ వేరు. అడాప్టర్‌కి కరెంటు వచ్చేది 16వ పిన్ను నుంచి. దాని ఫ్యూజు చాలా కార్లలో లోపలి లైట్లకో, చార్జింగ్ సాకెట్‌కో ఉన్న ఫ్యూజే. నాసిరకం చార్జర్ పెట్టినప్పుడు ఎగిరిపోయి ఉండవచ్చు.

ఇదే ఉత్తరంలో అంకెలు ఆలస్యంగా మారుతున్నాయని కూడా రాశారు. అడాప్టర్ ఒక్కో అంకెనీ విడిగా అడిగి తెచ్చుకుంటుంది. స్క్రీన్ మీద ఇరవై మీటర్లు పెడితే ఒక్కోదాని వంతు రావడానికి సెకన్లు పడుతుంది. కె-లైన్ వేగం సెకనుకు 10.4 కిలోబిట్లే, క్యాన్‌ది సాధారణంగా 500. మూడు నాలుగు మీటర్లకు మించి పెట్టకండి. వాటిని కూడా నడుపుతూ చూడొద్దు. లాగింగ్ ఆన్ చేసి వదిలేస్తే యాప్ అంతా రాసిపెడుతుంది, ఇంటికొచ్చాక చూసుకోవచ్చు.

ప్రశ్న: ఎండాకాలం అమీర్‌పేట నుంచి పంజాగుట్ట దాకా ఏసీతో పాకుతుంటే యాప్ కూలంట్ 101 డిగ్రీలు చూపిస్తోంది. డాష్‌బోర్డు ముల్లు మాత్రం మధ్యలోంచి కదలదు. దేన్ని నమ్మాలి? బండి ఆపేయాలా?
(ఒక పాఠకుడు, ఎర్రగడ్డ)

జవాబు: ఆపక్కర్లేదు. రెండూ అబద్ధం చెప్పడం లేదు. చాలా కార్లలో ముల్లు చిన్న మార్పులకు కదలకుండా తయారుచేస్తారు. మామూలు వేడి పరిధి అంతటా అది మధ్యలోనే నిలబడి, బాగా ముదిరాకే పైకి లేస్తుంది. యాప్ మాత్రం కారు కంప్యూటర్ దగ్గరున్న అంకెని ఉన్నదున్నట్టు చూపిస్తుంది. రేడియేటర్ మూత బిగువుగా ఉండి, కూలంట్, నీళ్ల మిశ్రమం సరిగా ఉంటే ఆ ఒత్తిడిలో 120 డిగ్రీల దాకా మరుగు రాదు. ఏసీ కండెన్సర్ వేడి కూడా రేడియేటర్ మీదికే వచ్చే ట్రాఫిక్‌లో 101 అంటే భయపడే అంకె కాదు.

అంకె కంటే అది కదిలే తీరు ఎక్కువ చెబుతుంది. ఉదయం చల్లగా ఉన్నప్పుడు ఏసీ ఆపి, ఐడిల్‌లో ఉంచి, ఫోన్ చేతిలో పెట్టుకుని చూడండి. 80 దాటాక నెమ్మదిగా ఎక్కుతుంది. 94, 95, 96. ఎక్కడో ఒకచోట, సాధారణంగా 95 నుంచి 100 మధ్య, ముందు రేడియేటర్ ఫ్యాన్ గుయ్యిమంటుంది. అంకె ఇంకో డిగ్రీ ఎక్కి ఆగి, దిగడం మొదలుపెడుతుంది. ఐదారు డిగ్రీలు దిగాక ఫ్యాన్ ఆగుతుంది, మళ్లీ ఎక్కుతుంది. ఫ్యాన్ మొదలైన అంకె, ఆగిన అంకె, మధ్యలో పట్టిన సమయం రాసుకోండి. వచ్చే వేసవిలో అదే ఆరు డిగ్రీలు దిగడానికి రెట్టింపు సమయం పడితే, ముల్లు ఇంకా మధ్యలోనే ఉన్నా, రేడియేటర్ మూసుకుపోతోందని మీకు తెలిసిపోతుంది.

ఎప్పుడు ఎక్కుతోందన్నదాన్ని బట్టి జబ్బు ఎక్కడో చెప్పవచ్చు. సిగ్నల్ దగ్గర ఎక్కి, బండి కదిలి గాలి తగలగానే దిగిపోతుంటే ఫ్యాన్, దాని రిలే, లేదా రేడియేటర్ రెక్కల్లో పేరుకున్న దుమ్ము. దీనికి పూర్తి వ్యతిరేకంగా, ట్రాఫిక్‌లో బాగానే ఉండి ఔటర్ రింగ్ రోడ్డు మీద 100 వేగంలో ఎక్కుతుంటే లోపల నీళ్లు తిరగడం లేదన్నమాట: పొలుసు కట్టిన రేడియేటర్, సగమే తెరుచుకునే థర్మోస్టాట్ (కూలంట్ దారిని తెరిచి మూసే వాల్వు), అరిగిన వాటర్ పంప్, తగ్గిన కూలంట్. మన నగరంలో పొలుసు సమస్య ఎక్కువ. బోరు నీళ్లలో ఉప్పు శాతం జాస్తి, అత్యవసరానికి ఒక బాటిల్ పోసి మర్చిపోయేవాళ్లు చాలామంది. కూలంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం కలిపిందే పోయాలి.

హైవే మీద కూడా 75 దాటకపోతే సంతోషించకండి, థర్మోస్టాట్ తెరుచుకుని ఇరుక్కుపోయింది. మైలేజీ పడిపోతుంది, కొన్నాళ్లకు పీ0128 కోడ్, అంటే ఇంజిన్ సరైన వేడికి చేరడం లేదని కారు కంప్యూటర్ చూపించే లోపం నెంబరు, వస్తుంది. ఒక్కసారిగా మైనస్ 40 అని కనబడితే సెన్సర్ వైరు ఊడింది. 110 దాటి ఇంకా ఎక్కుతుంటే ఏసీ ఆపి, హీటర్ పూర్తిగా తిప్పి, పక్కకు తీసి ఆపండి. వేడి మీద మూత తీయొద్దు. ఇంకొకటి, ప్రాణప్రదమైనది: కూలంట్ అంతా కారిపోతే సెన్సర్‌కి నీళ్లు తగలవు, అప్పుడు ఇంజిన్ మాడుతున్నా యాప్‌లో అంకె తక్కువే ఉండవచ్చు. యాప్ ఉంది కదా అని వారానికోసారి కూలంట్ డబ్బా చూడటం మానొద్దు.

ప్రశ్న: 2012 పెట్రోల్ కారు. చెక్ ఇంజిన్ లైటు వెలిగింది, యాప్‌లో పీ0171 వచ్చింది. మెకానిక్ గారు ఆక్సిజన్ సెన్సర్ మార్చాలంటున్నారు. బంకు దగ్గర ఒకాయన ఈ20 పెట్రోలే కారణమన్నారు.
(ఒక పాఠకురాలు, ఎల్బీ నగర్)

జవాబు: సెన్సర్ ఇప్పుడే మార్పించకండమ్మా. పీ0171 అంటే ఇంజిన్‌లో గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ అని. ఆ సంగతి కనిపెట్టి చెప్పిందే ఆక్సిజన్ సెన్సర్. కబురు తెచ్చినవాణ్ణి మొదటే అనుమానించనక్కర్లేదు.

కోడ్ చెరిపేసే ముందు ఫ్రీజ్ ఫ్రేమ్ అనే పేజీ తెరిచి స్క్రీన్‌షాట్ తీసుకోండి. లైటు వెలిగిన క్షణంలో వేగం ఎంత, ఆర్‌పీఎం ఎంత, వేడి ఎంత అన్నది అందులో ఉంటుంది. క్లియర్ నొక్కితే కోడ్‌తో పాటు అదీ పోతుంది, తర్వాత ఏ మెకానిక్కూ తిరిగి తేలేరు.

ఇప్పుడు ఫ్యూయల్ ట్రిమ్‌లు. కంప్యూటర్ తన లెక్క కంటే ఎంత శాతం పెట్రోలు అదనంగా పోస్తోందో, తగ్గిస్తోందో ఇవి చెబుతాయి. షార్ట్ టర్మ్ అప్పటికప్పుడు ఊగుతూ ఉంటుంది, లాంగ్ టర్మ్ నేర్చుకుని నిలబడుతుంది. రెండూ కూడండి. మొత్తం ప్లస్ 10, మైనస్ 10 లోపల ఉంటే పర్వాలేదు. 20, 25 దగ్గరికి వెళ్తే సాధారణంగా లైటు వెలుగుతుంది.

ఇంజిన్ వేడెక్కాక ఐడిల్‌లో మొత్తం రాసుకోండి. తర్వాత ఆక్సిలరేటర్ తొక్కి 2500 ఆర్‌పీఎం దగ్గర అర నిమిషం పట్టి మళ్లీ రాయండి. ఐడిల్‌లో 22 ఉండి 2500 దగ్గర 6కి దిగితే, ఎక్కడో పైపు పగిలి దొంగగాలి లోపలికి పోతోంది. ఐడిల్‌లో ఇంజిన్ పీల్చేదే కొంచెం గాలి, అందులో ఆ చీలిక వాటా పెద్దది. ఆర్‌పీఎం పెరిగితే వాటా చిన్నదవుతుంది, అందుకే దిగుతుంది. దీనికి తలకిందులుగా, ఐడిల్‌లో బాగుండి లోడు మీద, ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు పెరిగితే పెట్రోలు చాలడం లేదు: ఫిల్టర్, పంప్, లేదా లోపలికి వెళ్లే గాలిని కొలిచే ఎయిర్‌ఫ్లో సెన్సర్‌కి మురికి పట్టడం. ఆ సెన్సర్‌ని దానికోసమే అమ్మే స్ప్రేతోనే కడగాలి, కార్బ్యురేటర్ క్లీనర్ కొట్టినా వేలు తగిలించినా పాడవుతుంది.

ఈ20, అంటే ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు, సంగతి. ఇథనాల్‌లో ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి అదే గాలికి కాస్త ఎక్కువ ఇంధనం కావాలి. పది శాతం కలిపిన పెట్రోలు నుంచి ఇరవై శాతానికి మారితే ట్రిమ్ మూడు నాలుగు శాతం పెరగడం సహజం. అదీ ఐడిల్‌లోనూ 2500 దగ్గరా ఒకేలా పెరుగుతుంది. అంటే ఈ20 ఒక్కటే మీ లైటు వెలిగించలేదు. ముందే పదిహేను దగ్గర దాక్కుని ఉన్న లోపాన్ని గీత దాటించి ఉండవచ్చు.

దొంగగాలి అని తేలితే యాప్‌తోనే దొరకబుచ్చుకోవచ్చు. బండి న్యూట్రల్‌లో ఉంచి హ్యాండ్‌బ్రేక్ వేసి, ఒకరు ఫోన్‌లో షార్ట్ టర్మ్ చూస్తుంటే ఇంకొకరు ఇన్‌టేక్ మానిఫోల్డ్‌కి (ఇంజిన్‌లోకి గాలిని పంచే గొట్టం) వచ్చే సన్న రబ్బరు పైపుల్ని ఒక్కొక్కటే గుడ్డ చుట్టిన ప్లయర్‌తో మెల్లగా నొక్కాలి. ఒకదాన్ని నొక్కగానే అంకె టక్కున పడిపోయిందా, చీలిక ఆ పైపులోనో అది వెళ్లే చోటులోనో ఉంది. బ్రేక్ బూస్టర్ పైపు దగ్గర పడిపోతే ఆలస్యం చేయకండి, అది బ్రేకుల వ్యవహారం. అపార్ట్‌మెంట్ సెల్లార్లలో పెట్టే కార్లకు ఈ పైపుల్ని ఎలుకలు కొరకడం మామూలైపోయింది, కాబట్టి అడుగు వైపు కూడా చేయి పెట్టి తడిమి చూడమనండి. ఫ్యాన్ తనంతట తను తిరుగుతుంది, చేతులు, చున్నీ జాగ్రత్త. బాగుచేశాక కోడ్ చెరిపి, వంద కిలోమీటర్లు తిరిగి లాంగ్ టర్మ్ మళ్లీ చూడండి.

ప్రశ్న: సంక్రాంతికి ఊరెళ్లి పన్నెండు రోజులకు వచ్చేసరికి సెల్ఫ్ అందుకోలేదు. అడాప్టర్ కారుకే ఉంది. అంత చిన్న వస్తువు బ్యాటరీని తినేస్తుందా?
(ఒక పాఠకుడు, నాచారం)

జవాబు: తింటుంది. 16వ పిన్నుకి తాళం తీసేసినా కరెంటు ఉంటుంది. నిద్రపోని చౌక అడాప్టర్ 50 మిల్లీ ఆంపియర్లు లాగిందనుకుందాం. రోజుకు 1.2 ఆంపియర్ అవర్లు, పన్నెండు రోజులకు 14కి పైగా. కారు అలారం, గడియారం, కంప్యూటర్ కలిసి మరో 30 మిల్లీ ఆంపియర్లు లాగితే ఇంకో 8 పైన. చిన్న కారు బ్యాటరీ 35 ఆంపియర్ అవర్లు, అదీ కొత్తలో. కొన్ని కార్లలో అడాప్టర్ పలకరిస్తూనే ఉండటం వల్ల కారు కంప్యూటర్లే నిద్రపోవు, అప్పుడు రెండు మూడు రోజులు చాలు.

రాత్రంతా నిలిపిన కారులో, సెల్ఫ్ కొట్టకముందు వోల్టేజి 12.6 ఉంటే బ్యాటరీ నిండుగా ఉంది, 12.2 అంటే సగం. ఇంజిన్ నడుస్తుంటే 13.8 నుంచి 14.4 మామూలు. కొత్త కార్లలో ఆల్టర్నేటర్‌ని కంప్యూటరే ఎక్కించి దించుతుంది కాబట్టి 12.8 కనబడినా కంగారుపడకండి, హెడ్‌లైట్లు వేసి బ్రేకు తొక్కి వదిలి మళ్లీ చూడండి. రోజూ తీసి పెట్టడం విసుగైతే ఒక అడుగు ఎక్స్‌టెన్షన్ కేబుల్ వేసుకోండి. మోకాలు తగిలి సాకెట్ వదులయ్యే బాధ కూడా తప్పుతుంది.

తీసేయడానికి ఇంకో కారణం, చౌక అడాప్టర్లకు పాస్‌వర్డ్ 1234. పక్కన కారు నిలిపినవాళ్లెవరైనా కలుపుకోవచ్చు.

ప్రశ్న: బీఎస్ 6 డీజిల్ ఎస్‌యూవీ. ఇల్లు, ఆఫీసు రెండూ గచ్చిబౌలి చుట్టుపక్కలే, ఐదారు కిలోమీటర్లు. డీపీఎఫ్ లైటు వస్తోంది. యాప్‌లో మసి ఎంత నిండిందో చూడవచ్చా?
(ఒక పాఠకుడు, కొండాపూర్)

జవాబు: డీపీఎఫ్ అంటే డీజిల్ పొగలోని మసిని పట్టే ఫిల్టర్. అది ఎంత నిండిందో చూడవచ్చు గానీ మామూలు పేజీలో దొరకదు. మసి శాతం కంపెనీలు తమ సొంత కోడ్‌లో దాచుకుంటాయి. కార్ స్కానర్ లాంటి యాప్‌లో కనెక్షన్ ప్రొఫైల్ దగ్గర మీ కారు కంపెనీ, మోడల్ ఎంచుకుంటే కొన్నిటికి కనబడుతుంది. లేకపోయినా ఎగ్జాస్ట్ టెంపరేచర్ దొరికితే సగం పని అయినట్టే. ఫిల్టర్ తనను తాను కాల్చుకునేటప్పుడు అది 600 డిగ్రీల ప్రాంతానికి వెళ్తుంది, ఐడిల్ కొంచెం పెరుగుతుంది, అప్పటికప్పటి మైలేజీ సగానికి పడిపోతుంది.

మీ కష్టమంతా ఇక్కడే ఉంది. ఈ కాల్పు మొదలై పూర్తవడానికి పావుగంట, ఇరవై నిమిషాలు ఆగకుండా నడవాలి. మీ ప్రయాణం అంతలోపే అయిపోతుంది. ప్రతిసారీ మధ్యలో తాళం తీస్తుంటే కాల్పు కోసం అదనంగా పోసిన డీజిల్ ఇంజిన్ ఆయిల్‌లోకి దిగుతుంది. డిప్‌స్టిక్ తీసి చూడండి, ఆయిల్ పెరిగి పైగీత దాటి ఉంటే ముందు ఆయిల్ మార్పించండి.

వారానికోసారి గచ్చిబౌలి దగ్గర ఔటర్ ఎక్కి శంషాబాద్ దాకా వెళ్లండి, సుమారు 22 కిలోమీటర్లు. 70, 80 వేగంలో, ఒక గేరు తక్కువలో, ఆర్‌పీఎం 2000కి పైన ఉంచండి. ట్యాంకులో పావుకి పైగా డీజిల్ ఉండాలి, తక్కువైతే చాలా కార్లు కాల్పే మొదలుపెట్టవు. యాప్‌లో వేడి 600 దగ్గర ఉందంటే దిగి ఆపకండి, ఇంకో ఎగ్జిట్ దాకా పోనివ్వండి, అది 300 దిగువకు వచ్చాక ఆపండి. కొన్ని యాప్‌లలో నిలిపి ఉంచి కాల్చే బటన్ ఉంటుంది. సెల్లార్‌లో, ఎండుగడ్డి మీద దాన్ని నొక్కడం అగ్నిప్రమాదమే. లైటు మిణుకుమిణుకుమంటున్నా, ఇంజిన్ బలం తగ్గినా ఇక ఔటర్ ప్రయోగం వద్దు, సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్లండి.

ప్రశ్న: యాప్ లీటరుకు 19 అంటుంది, ఫుల్ ట్యాంక్ లెక్కలో 15.5 వస్తోంది.
(ఒక పాఠకుడు, వనస్థలిపురం)

జవాబు: ట్యాంక్ లెక్కే నిజం. యాప్‌కి పెట్రోలు కనబడదు, గాలిని చూసి పెట్రోలు ఊహిస్తుంది. సెకనుకు 3 గ్రాముల గాలి లోపలికి వెళ్తే, 14.7తో (ఒక గ్రాము పెట్రోలు మండడానికి కావాల్సిన గాలి గ్రాములు) భాగించి, గంటకు దాదాపు ఒక లీటరు అని లెక్క కడుతుంది. ఈ20కి ఆ 14.7 సుమారు 13.5 అవుతుంది, అక్కడే తేడా మొదలు. ఎయిర్‌ఫ్లో సెన్సర్ లేని కార్లలో ఇంజిన్ సీసీని బట్టి గాలిని కూడా ఊహించాలి కాబట్టి యాప్‌లో 1197 అనో 998 అనో మీ కారు సీసీ సరిగా ఇచ్చారా చూడండి. ఒకే బంకులో, ఒకే పంప్ దగ్గర, మొదటిసారి ఆటోకట్ అయ్యేదాకా నింపి, మళ్లీ నింపేదాకా యాప్ ఎన్ని లీటర్లు అందో, బిల్లులో ఎన్ని ఉన్నాయో పోల్చండి. యాప్ 24.5, బిల్లు 30 అయితే సర్దుబాటు గుణకం 1.22. డీజిల్‌కి 14.7 లెక్క అసలు పొసగదు, గాలి ఎప్పుడూ ఎక్కువే ఉంటుంది.

చిన్న చిన్న ప్రశ్నలు కొన్ని. సాకెట్‌లో పెడితే మైలేజీ పెరుగుతుందని అమ్మే డబ్బాలు కొనొద్దు, విప్పి చూసినవాటిలో దీపాలు వెలిగించే సర్క్యూట్ తప్ప కారుతో మాట్లాడే భాగమే లేదు. అంకెలు చదవడం వల్ల కారుకి నష్టం లేదు, కానీ కోడింగ్, అడాప్టేషన్ అనే పేజీల జోలికి తెలియకుండా వెళ్లకండి. ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్ కోడ్‌లు మామూలు యాప్‌లలో రావు, కంపెనీ ప్రొఫైల్ ఉంటే కొన్నిటికి వస్తాయి. బ్యాటరీ కార్లకు ఈ ఇంజిన్ అంకెలేవీ ఉండవు, చార్జింగ్ శాతం కూడా కంపెనీ కోడ్‌లోనే.

ప్రశ్న: సెకండ్ హ్యాండ్ కారు చూడటానికి వెళ్తున్నాను. అడాప్టర్ తీసుకెళ్తే ఉపయోగమా?
(ఒక పాఠకురాలు, సైనిక్‌పురి)

జవాబు: తప్పకుండా తీసుకెళ్లండి. ముందే చెప్పకుండా కారు దగ్గరికి వెళ్లగానే, ఇంజిన్ స్టార్ట్ చేయనివ్వకుండా తాళం మాత్రం తిప్పించి రెండు అంకెలు చూడండి: కూలంట్ టెంపరేచర్, ఇన్‌టేక్ ఎయిర్ టెంపరేచర్. రాత్రి నుంచి కదలని కారులో రెండూ దగ్గర దగ్గరగా ఉంటాయి, 29, 30 అలా. కూలంట్ 68 ఉందంటే మీరు రాకముందే వేడి చేసి పెట్టారు. చల్లని స్టార్టింగ్‌లో వచ్చే పొగ, టకటక శబ్దం మీకు తెలియకూడదనే అలా చేసి ఉండవచ్చు. ఇంకో రోజు పొద్దున్నే వస్తానని చెప్పి వచ్చేయండి.

తర్వాత కోడ్‌లు. లైటు లేకపోయినా పెండింగ్ కోడ్‌ల (ఇంకా లైటు వెలిగించేదాకా రాని లోపాల) పేజీ కూడా తెరవండి. కోడ్‌లు ఏమీ లేకపోవడమే అనుమానం కావచ్చు, ఎందుకంటే చెరపడం ఒక బటన్ పని. దాన్ని పట్టించే అంకెలు మూడున్నాయి: కోడ్‌లు చెరిపాక తిరిగిన దూరం, ఆ తర్వాత ఎన్నిసార్లు ఇంజిన్ వేడెక్కింది, రెడీనెస్ మానిటర్లు, అంటే కారు తన భాగాల్ని తానే పరీక్షించుకోవడం పూర్తయిందో లేదో చెప్పే జాబితా. దూరం 4 కిలోమీటర్లు, వేడెక్కింది ఒక్కసారి, క్యాటలిస్ట్, ఆక్సిజన్ సెన్సర్ మానిటర్లు ఇన్‌కంప్లీట్ అని ఉంటే నిన్నో ఇవాళో ఎవరో చెరిపారు. బ్యాటరీ కొత్తది వేసినా చాలా కార్లలో ఇలాగే కనబడుతుంది, అప్పుడు బ్యాటరీ బిల్లు తేదీ చూపించమనండి.

యాప్‌లో విన్ నెంబరు (కారు గుర్తింపు సంఖ్య) వస్తే ఆర్‌సీలోని చాసిస్ నెంబరుతో అక్షరం అక్షరం పోల్చండి. కంప్యూటర్ ఇంకో కారుది వేసి ఉంటే తేడా ఇక్కడ బయటపడుతుంది. మీటర్ వెనక్కి తిప్పారా అన్నది మాత్రం ఈ యాప్‌లతో నమ్మకంగా తేలదు, దానికి సర్వీస్ రికార్డే ఆధారం.

అన్నీ బాగుంటే ఫ్యాన్ రెండుసార్లు తిరిగి ఆగేదాకా ఐడిల్‌లో ఉంచి, ఐడిల్, 2500 ట్రిమ్‌లు రాసుకుని, ఏసీ వేసి వోల్టేజి చూసి, అరగంట నడిపి మళ్లీ పెండింగ్ కోడ్‌లు చూడండి. మానిటర్లు ఇన్‌కంప్లీట్‌గా ఉన్న కారు మీకు బాగా నచ్చితే, అమ్మేవారినే ఒక వారం మామూలుగా వాడి తీసుకురమ్మని అడగండి, అన్నీ కంప్లీట్ అని వచ్చాక కోడ్‌లు చూసి, అప్పుడు బేరం మాట్లాడండి.